కందెన మరచిన కీలు

నవలలు రాసుకునే మనిషికి లారీ చక్రాల గొడవ దేనికమ్మా అని మీరు నవ్వితే నవ్వండిగానీ, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసుల్ని విడదీసిన ప్రతి ఇల్లాలికీ ఈ విద్యలో సగం వచ్చినట్టే! పై గ్లాసులో చన్నీళ్ళు పోసి, కింది గ్లాసుని వేణ్ణీళ్ళలో నిలబెడతాం. కాసేపటికి అవే విడివడతాయి. అమెరికాలో పాతకాలపు పికప్ బళ్ళని బాగుచేసుకునేవాళ్ళు చేసేదీ దాదాపు ఇదే. కాకపోతే వాళ్ళ గ్లాసులు ఇరుక్కుని యాభై, అరవై ఏళ్ళయి ఉంటుంది.

పికప్ అంటే ముందు డ్రైవరు గది, వెనక సామాను వేసుకునే తొట్టి. మొదట్లో అక్కడి రైతులు కారు కొనుక్కుని, వెనక చెక్కపెట్టె తామే బిగించుకునేవారు. 1925లో హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టి కారుకి ఫ్యాక్టరీలోనే తొట్టి కట్టించి 281 డాలర్లకి అమ్మాడు. 1942లో యుద్ధం కోసం పౌరులకి బళ్ళ తయారీ ఆపేశారు. ఉన్న డొక్కు బళ్ళతోనే పల్లెలు రోజులు నెట్టుకొచ్చాయి. యుద్ధం ముగిశాక 1947లో షెవ్రొలే, 1948లో ఫోర్డ్ ఎఫ్-1 కొత్త రూపాల్లో వచ్చాయి. ఇవాళ ముచ్చటపడి బాగుచేసుకునే బళ్ళలో ఇవి ముందుంటాయి.

పైన ఎంత సోకు ఉన్నా, ఆ బండి కిందికి దూరి చూస్తే కనిపించేది గుర్రబ్బండే! ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు గుర్రబ్బళ్ళ కాలంనాటిదే. అలాంటి పట్టీలతో కోలగా చేసిన స్ప్రింగుకి లండన్‌లో ఒబడయా ఎలియట్ అనే బళ్ళు చేసే ఆయన 1804లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇక చక్రాన్ని పక్కకి తిప్పే కీలు ఉందే, దాని కథ ఇంకా బాగుంటుంది. పూర్వం గుర్రబ్బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసంతా తిరగాల్సిందే. ఇరుసు కదలకుండా, ఏ చక్రానికి ఆ చక్రం తన చీలమీద తిరిగే పద్ధతిని మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన కనిపెట్టాడు. 1818లో దానికి లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆకర్‌మన్. పేరు కూడా ఆకర్‌మన్‌కే దక్కింది. కనిపెట్టినాయన పేరు నోరు తిరగనిదైపోయింది, పాపం!

ఆ చీలనే కింగ్ పిన్ అంటారు. మన తలుపు బందు మధ్యలో ఉండే చీల లాంటిదే, మరింత లావుగా ఉంటుంది. మన ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన పూసినట్టే, దీనికీ వెయ్యి మైళ్ళకోసారి గ్రీజు ఎక్కించాలి. అందుకోసం చిన్న ముక్కులాంటి మూత ఉంటుంది. ఆస్కార్ జెర్క్ అనే ఇంజనీరు పేరుతో దాన్ని ఇప్పటికీ జెర్క్ అనే పిలుస్తారు.

గ్రీజు ఎక్కించడం మానేస్తే? సన్నటి సందులోకి నీళ్ళు చేరతాయి. మంచు కురిసే ఊళ్ళలో ఉప్పు కూడా చేరుతుంది. రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లడాన్ని 1941-42 చలికాలంలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం తన పద్ధతిగా పెట్టుకుంది. యుద్ధం తరవాత ఆ అలవాటు దేశమంతా పాకింది. ఉప్పు తగిలిన ఇనుము ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుక పట్టే సందులో అది ఉబ్బితే, చీల ఇరుసులో మేకులా దిగబడిపోతుంది.

చూడగానే ఎవరికైనా సుత్తి అందుకోవాలనిపిస్తుంది. కానీ కొట్టిన కొద్దీ చీల తల చితికి వెడల్పవుతుంది, ఇంకా బిగుస్తుంది! అందుకే తెలిసినవాళ్ళు ముందు బండిని గట్టి ఆసరాలమీద నిలబెట్టి, చక్రం ఊడదీస్తారు. తరవాత అడ్డంగా ఉండే చిన్న తాళపు చీలని తీస్తారు. అది తీయకుండా పెద్దదాన్ని కొట్టడమంటే గడియ తీయకుండా తలుపు తోయడమే. సందుల్లోకి పాకే పల్చటి నూనె పోసి రోజుల తరబడి నాననిస్తారు. అప్పటికీ రాకపోతే, చీల చుట్టూ ఉన్న ఇరుసు కంటిని మంటతో వేడిచేస్తారు. కన్ను వ్యాకోచించి చీలని కాస్త వదులుతుంది. మరీ ఎర్రగా కాల్చారో, ఇరుసు బలమే పోతుంది. చివరికి ప్రెస్‌తో నిదానంగా, తిన్నగా నొక్కుతారు. టక్కుమని ఒక చప్పుడు... అంతే, కదులుతుంది!

ఇంత అవస్థ ఎందుకని ముందుభాగమంతా కోసేసి, కొత్త కారు సస్పెన్షన్ తగిలించుకునేవాళ్ళూ ఉన్నారు. మెత్తగా పోతుంది, కాదనను. ఫోర్డ్ కార్లే 1954లో ఈ చీలల్ని వదిలి బాల్ జాయింట్లకి మారాయి. పికప్‌లు మాత్రం ఇంకా చాలాకాలం వాటినే నమ్ముకున్నాయి. కోసేస్తే పోయేది పాత ఇనుమొక్కటే కాదు, గుర్రబ్బండికీ మోటారుకీ మిగిలిన చుట్టరికం కూడా.

పేటెంటు ఎవరిదో చరిత్ర రాసిపెట్టింది. బండి ఇన్నేళ్ళు నిలిచింది మాత్రం, గుర్తుపెట్టుకుని నేలమీద పడుకుని గ్రీజెక్కించినవాళ్ళ వల్ల. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. రోజూ వంటింటి గట్టు తుడిచే చేతులకి ఈ సంగతి కొత్తేమీ కాదు. చీల ఊడి వచ్చాక దానిమీద ఒకవైపు నునుపు, ఒకవైపు తుప్పు కనిపిస్తాయట. ఎంతకాలం ఎవరో చూసుకున్నారో, తరవాత ఎంతకాలం ఎవరూ పట్టించుకోలేదో, రెండూ ఆ జానెడు ఉక్కుమీదే ఉంటాయి.