పాట మిగిలింది, కర్త మరుగున పడ్డాడు

బ్యాండు అనగానే నేటి పిల్లలకు గిటారు, డ్రమ్ములు స్ఫురిస్తాయి. మన తెలంగాణలో డప్పు, గజ్జె, భుజాన గొంగడితో ఊరూరా తిరిగిన పాటల బృందాలు ఉండేవి. 1970ల దశకంలో వెలసిన జననాట్యమండలి అటువంటిదే. దాని ప్రధాన గాయకుడు గద్దర్.

ఆయన గొంతును ఇంటింటికీ చేర్చిన పాట ‘బండెనక బండి కట్టి’. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ (1980) చిత్రంలో దానిని ఆయనే పాడారు, తెరపైనా కనిపించారు. కానీ పాటను కట్టినవాడు బండి యాదగిరి. కాలం 1946-51 నాటి సాయుధ పోరాటం. మా తిరుమలాయపాలెం ఉన్న ఖమ్మం ప్రాంతం అప్పటికింకా వరంగల్లు జిల్లాలోనిదే.

ఆ పాట బలమంతా సంబోధనలో ఉంది. దొర ఎదుట చెప్పులు విడిచి నిలబడిన జనం అందులో నైజాము ప్రభువునే ఏకవచనంతో పిలిచి నిలదీశారు. ఒకరు ఎత్తుకోగా పదిమంది అందుకొనే పల్లవి కనుక అక్షరం రానివారికీ అది కంఠస్థమయింది.

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూసినప్పుడు ఆ పాటను అందరూ స్మరించారు. యాదగిరిని తలచినవారు కొందరే. కర్తను చెప్పినంత మాత్రాన గాయకుని కీర్తి తరగదు. పద్యం చదివి కవి పేరు చెప్పడం మన మర్యాద. మిత్రులారా, ఆ మర్యాద పాటకూ దక్కాలి.