ఒక రికార్డు, రెండు విడుదలలు

ప్రభుత్వోత్తర్వులతో పరిచయం ఉన్నవారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. ఉత్తర్వు వెలువడిన తేదీ ఒకటి, అది అమలులోకి వచ్చిన తేదీ మరొకటి. చరిత్ర రాసేవాడు వీటిలో దేనిని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్న దస్తావేజులకే పరిమితం కాదు. 1974 జూలైలో బ్రిటన్‌లో విడుదలై ఎవరి దృష్టికీ రాని ఒక గ్రామఫోన్ రికార్డు, 1975 ఫిబ్రవరి 22 నాటికి అమెరికాలో అగ్రస్థానం చేరుకున్నది. దాని పేరు 'పిక్ అప్ ది పీసెస్'. చెదిరిన ముక్కలను ఏరుకొమ్మని ఆ మాటల అర్థం.

వాయించినవారు 'యావరేజ్ వైట్ బ్యాండ్', అనగా 'సగటు తెల్లవారి బృందం'. సభ్యులు స్కాట్లండ్ వారు. డండీ, పెర్త్ వంటి ఊళ్ళనుంచి లండన్ చేరి 1972లో జట్టు కట్టారు. వారు ఎన్నుకున్న బాణీ మాత్రం అమెరికా నల్లజాతీయులది. ఫంక్ అనే ఆ బాణీలో గానం కంటే లయకే ప్రాధాన్యం. దానిపై జాజ్ పద్ధతిలో శాక్సోఫోన్ స్వరవిన్యాసం సాగుతుంది. కద్రి గోపాల్‌నాథ్ కచేరీల ద్వారా ఆ వాద్యం మన శ్రోతలకు పరిచితమే. పరాయి సంగీతాన్ని తలకెత్తుకున్న తెల్లవారు తమను తామే 'సగటు' అని పిలుచుకోవడంలోని పరిహాసం గమనింపదగినది.

1973లో ఎం.సి.ఎ. సంస్థ వెలువరించిన వారి మొదటి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. తరువాతి ఆల్బమ్‌ను ఆ సంస్థ నిరాకరించగా, అమెరికాలోని అట్లాంటిక్ సంస్థ ఆ బృందాన్ని చేరదీసింది. అట్లాంటిక్ స్థాపకులలో ఒకరైన అహ్మెత్ ఎర్టెగన్ అమెరికాలో టర్కీ రాయబారిగా పనిచేసిన అధికారి కుమారుడు. రాయబారి ఇంటి బిడ్డ నల్లవారి పాటలకు వ్యాపార వేదిక కట్టడం మన అధికార వర్గాలకు వింతగా తోచవచ్చు. కొత్త ఆల్బమ్ నిర్మాత ఆరిఫ్ మార్దిన్ కూడా ఇస్తాంబుల్‌లో పుట్టినవాడే. స్కాట్లండ్ వాద్యకారులు, టర్కీ నిర్మాత, నల్లవారి లయ: ఈ మూడింటి కలయికలో ఆ రికార్డు రూపొందింది.

ఆల్బమ్‌లో ఈ అంశం నిడివి నాలుగు నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. సాహిత్యం లేదు, నడుమ పేరును మాత్రం కేకగా అంటారు. సింగిల్ రికార్డు అంటే పాట అని భావించే విపణిలో మాటలు లేని అంశాన్ని ముందు నిలపడం సాహసమే. బ్రిటన్ శ్రోతలు పట్టించుకోలేదు. అమ్మకాల జాబితాలో దానికి చోటే దక్కలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకే పరిమితమనుకోవడం పొరపాటు.

ఇక అసలు విషాదం. ఆ అంశానికి ప్రాణం డ్రమ్స్ వాయించిన రాబీ మెకింటాష్ లయ. శాక్సోఫోన్లు ఎంత విజృంభించినా అతని దెబ్బ తొణకదు, తొందరపడదు. 1974 సెప్టెంబరులో బృందం లాస్ ఏంజెలిస్‌లోని ట్రుబడూర్‌లో ప్రదర్శనలిచ్చింది. అనంతరం జరిగిన ఒక విందులో, కొకైన్ అని భ్రమపడి హెరాయిన్ పుచ్చుకోవడం వల్ల అతడు ఆ నెల 23న మరణించాడు. వయస్సు ఇరవై నాలుగు. అదే విషం సేవించిన గాయకుడు అలన్ గోరీ, నటి షేర్ అతణ్ణి స్పృహ తప్పకుండా చూసుకోవడంతో బతికి బయటపడ్డాడు.

బ్రిటన్ విడుదలను ప్రమాణంగా తీసుకుంటే మెకింటాష్ తన కృతి వైఫల్యాన్ని చూసి పోయిన కళాకారుడు. అమెరికా తేదీని తీసుకుంటే విజయానికి ముందే పోయినవాడు. రెండూ సత్యాలే. ఫిబ్రవరి 22 నాటి జాబితాలో ఆ సింగిల్‌తోపాటు, తెల్లని అట్టతో వచ్చిన వారి ఆల్బమ్ కూడా తన తరగతిలో ప్రథమంగా నిలిచింది. ఆ వారం అమెరికా రేడియోలలో మోగిన లయ, అయిదు నెలల క్రితం ఆగిపోయిన చేతులది. అమెరికా మెచ్చిన తరువాత బ్రిటన్ కూడా మేలుకొని, అదే రికార్డుకు తన జాబితాలో ఆరవ స్థానమిచ్చింది. వాద్యంలో ఒక స్వరమైనా మారలేదు.

మూల సంప్రదాయం వారు ఎలా స్పందించారన్నది నాకు మరింత ఆసక్తికరం. జేమ్స్ బ్రౌన్ వాద్యబృందం 1975లో అదే పేరును కొద్దిగా పొడిగించి జవాబుగా ఒక రికార్డు చేసింది. దానిపై తమ అసలు పేరు వేసుకోలేదు; 'ఎ.ఎ.బి.బి.' అని వేసుకున్నారు. 'సగటుకు మించిన నల్లవారి బృందం' అని దాని విస్తరణ. అందులో ఎత్తిపొడుపు ఉన్నది, ఆదరమూ ఉన్నది. పాళ్ళు నిర్ణయించడం కష్టం. నా మటుకు ఆదరమే ఎక్కువనిపిస్తుంది. లక్ష్యపెట్టదగని వారికి ఎవరూ పనిగట్టుకొని రికార్డు రూపంలో జవాబివ్వరు.

మెకింటాష్ స్థానంలోకి వచ్చినవాడు స్టీవ్ ఫెరోనీ. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కు చెందిన నల్లజాతి వాద్యకారుడు. అంతకుముందు ఇద్దరూ వేర్వేరు సమయాలలో బ్రయన్ ఆగర్ బృందంలో వాయించినవారే. ఫెరోనీ చేరిన తరువాత కూడా బృందం తన పేరు మార్చుకోలేదు. 1975లోనే వెలువడిన తదుపరి ఆల్బమ్ 'కట్ ది కేక్'ను మెకింటాష్‌కు అంకితమిచ్చారు.