కర్నూలులో పదమూడు నెలలు

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు దాని శాసనసభకై వేరుగా ఎన్నికలు జరుగలేదు. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్రజిల్లాలనుండి ఎన్నికైన 140 మంది సభ్యులే తమ పక్షములతోను, తమ పాతకక్షలతోను తుంగభద్రాతీరమునకు తరలివచ్చిరి. ఆ ఎన్నికలలో ఆంధ్రదేశమున కాంగ్రెసుకు దారుణపరాజయము సంభవించెను. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు వంటి ప్రముఖులే ఓడిపోగా, అనంతపురమున నీలం సంజీవరెడ్డిని ఓడించినవాడు ఆయన బావమరిదియే, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి! కొత్తసభలో కాంగ్రెసు బలము మూడవవంతునకైనను చేరలేదు. కమ్యూనిస్టుల బలము దాదాపు దానికి సమానము. నడుమ కృషికార్ లోక్ పార్టీవారు, ప్రజాసోషలిస్టులు, ఎటు మొగ్గుదురో తెలియని స్వతంత్రులు.

సంఖ్యాబలము లేని కాంగ్రెసు నాయకుని సైతము వెలుపలినుండియే తెచ్చుకొనవలసివచ్చెను. తమను వీడి ప్రజాపార్టీని స్థాపించిన టంగుటూరి ప్రకాశమును ఆహ్వానింపగా, ఎనుబది దాటిన ఆ వృద్ధుడు తన పక్షమును విడిచి ముఖ్యమంత్రియయ్యెను, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రియయ్యెను. ఇది అవకాశవాదమని నాడు పలువురు ఆక్షేపించిరి. కాని అన్ని పక్షములవారును కొంతయైనను తలయొగ్గదగిన పేరు ఆంధ్రమున మరియొకటి లేదనుట నా అభిప్రాయము.

కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ లోగడ కుదిరిన శ్రీబాగు ఒడంబడికను పురస్కరించుకొని రాజధాని కర్నూలునకు దక్కగా, చాలినన్ని భవనములు లేక పెక్కు కార్యాలయములు గుడారములలోనే నడచెను. హైకోర్టు గుంటూరున వెలసెను; 1954 సెప్టెంబరులో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ప్రారంభమయ్యెను. ప్రత్యర్థులు ఏకము కానంతకాలమే ఆయువు గల ప్రభుత్వమునకు ఇవి స్వల్పకార్యములు కావు.

ప్రత్యర్థులను ఏకము చేసినది కల్లు. మద్యనిషేధము మద్రాసునుండి సంక్రమించిన శాసనము. దానివలన గీతవృత్తివారు జీవనోపాధి కోల్పోగా, కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న వారి పక్షమున ఉద్యమించెను. విచారణకై ప్రభుత్వమే నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును ఎత్తివేయుమని చెప్పినను, గాంధీజీ ఆశయమునకు కట్టువడిన కాంగ్రెసువారు వెనుకకు మరలజాలకపోయిరి. 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాసతీర్మానము 69–68 ఓట్లతో, అనగా ఒక్క ఓటు తేడాతో, నెగ్గెను. ఆ నెల 15వ తేదీన రాష్ట్రపతి పాలన వచ్చెను.

1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీతోను ప్రజాపార్టీతోను కూటమి కట్టి, 196 స్థానములలో అత్యధికభాగము గెలుచుకొనెను, గోపాలరెడ్డి ముఖ్యమంత్రియయ్యెను. పోలైన ఓట్లలో మూడవవంతునకు చేరువగా పొందిన కమ్యూనిస్టులకు దక్కినవి 15 స్థానములు మాత్రమే.