జోగల్‌తెంభి నాణెములు

పురాతన నాణెములను సేకరించువారు సాధారణముగా నున్నని నాణెమునే కోరుదురు. అరిగినదియు, ఒక ముద్రపై వేఱొక ముద్ర పడి అక్షరములు చిక్కువడినదియు వారికి రుచింపదు. శాతవాహన చరిత్రకు ఈ యభిరుచి మిక్కిలి హానికరమని మా యభిప్రాయము.

క్రీ. శ. 1906వ సంవత్సరమున నాసిక జిల్లాలోని జోగల్‌తెంభి గ్రామమున నొక వెండినాణెముల నిక్షేపము బయల్పడెను. అందు సుమారు 13,250 నాణెము లుండెను. అన్నియు క్షహరాత వంశ్యుడగు నహపానుడు ముద్రింపించినవే. వానిలో 9,000లకు పైబడినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర మరల పడియున్నది. నహపానుని నాణెమునకు ఒకవైపున రాజశిరస్సు, దానిచుట్టు గ్రీకు అక్షరములు. రెండవవైపున బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో రాజు పేరు నుండును. గౌతమీపుత్రుడు వీనిని కరగింపలేదు. ఒకవైపున మూడు వంపుల కొండగుర్తును తన పేరును, రెండవవైపున ఉజ్జయినీ చిహ్నమును ఉన్న నాణెముపైననే కొట్టించెను. క్రొత్త ముద్ర క్రింద ఓడిన రాజు శిరోరేఖలు కొన్నింట నేటికిని కానవచ్చుచున్నవి.

నాసిక గుహలో, పులుమావి 19వ పాలనవర్షమున వ్రాయబడిన శాసనమున బాలశ్రీ తన కుమారుడగు గౌతమీపుత్రుడు క్షహరాత వంశమును నిర్మూలించెనని చెప్పుకొన్నది. తల్లి మాట గదా, అతిశయోక్తి యుండదా యని శంకించువారికి ఈ నాణెములే సమాధానము. అయితే చెఱపబడిన పేరును చదువగలిగిననే ఆ సమాధానము దొరకును. మెఱుగు కొఱకు చింతపండుతో తోముటచే ముందుగా పోవునది ఆ అడుగుముద్రయే.

ఈ నిక్షేపమును పరిశీలించిన రెవరెండు స్కాటు గారికి మఱియొక వింత గోచరించెను. పేరు ఒక్కటే, ముఖములు పెక్కు! కొన్నింట యువకుడు, కొన్నింట వృద్ధుడు, ముక్కుతీరును వేఱు. ఇవి ఒకే కుటుంబమునందలి పలువురి రూపములై యుండునని ఆయన తలచెను. అచ్చులు చెక్కినవారి చేతిభేదమని మాకు తోచుచున్నది. ఏది నిజమైనను, వేలకొలది నాణెములు ఒక్కచోట నుండుటచేతనే ఈ చర్చ సాధ్యమైనది. అవి విడివిడిగా అంగళ్లకు చేరియుండిన, కొన్నవాడెల్ల తనదే అపూర్వభేద మని మురిసియుండెడివాడు.

ఆ గోదావరి యొడ్డుననే, దిగువన, తెలంగాణములోని కోటిలింగాలలో గోభద, సమగోపాది రాజుల నాణెములును, సిముకునివిగా పండితులు గుర్తించినవియు దొరకినవి. శాతవాహనుల తొలి నెలవు తెలంగాణమే యను వాదమునకు ఇవి ముఖ్యాధారములు. దొరకిన చోటు తెలియకున్న, ఆ వాదమున వీనికి తావే లేదు.

కొంతకాలము క్రిందట నొక వర్తకుడు మాకు నొక సీసపు నాణెమును చూపెను. అద్దమువలె మెఱయుచుండెను. ఏ యూర దొరకినదని యడిగితిమి. ఆతడు నవ్వి, వెల మాత్రము చెప్పెను.