కోనసీమ హైస్కూలులో పంతుళ్ళూ పండితులూ

గోదావరి పాయల మధ్య ఉన్న అగ్రహారాలకు చదువు కొత్త కాదు. ముక్కామల, ముక్తేశ్వరం, వ్యాఘ్రేశ్వరం వంటి ఊళ్ళలో వేదమూ వ్యాకరణమూ గురువు ఇంటి అరుగు మీదే నడిచేవి. ఆ చదువు ఏ కులాల వాళ్ళకు అందిందో, ఎవరికి అందలేదో అందరికీ తెలిసిందే. గంట కొట్టగానే ఒక మాస్టారు వెళ్ళి ఇంకో మాస్టారు రావడం, లెక్కలకొకరు, చరిత్రకొకరు ఉండడం మాత్రం ఇంగ్లీషు బడితోనే మొదలయింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్ళు పారి వరి పండాక, కొబ్బరి మీద నాలుగు డబ్బులు కనబడ్డాక రైతులు కూడా కొడుకుల్ని ఆ బడికి పంపడం మొదలుపెట్టారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట హైస్కూళ్ళకు పిల్లలు చుట్టుపక్కల లంకల నుంచి రేవులు దాటి వచ్చేవారు.

ఏ విషయానికి ఎంత విలువో తేల్చింది పరీక్షే. మద్రాసు రాష్ట్రంలో మెట్రిక్యులేషన్ స్థానంలోకి 1911లో ఎస్సెస్సెల్సీ వచ్చింది. ఫస్టుఫారం నుంచి సిక్స్తుఫారం దాకా ఆరేళ్ళ చదువు. చివర చేతికొచ్చేది ఎస్సెస్సెల్సీ పుస్తకం. అందులో బడిలో వచ్చిన మార్కులూ ఉండేవి, పబ్లిక్ పరీక్ష మార్కులూ ఉండేవి. పుట్టినతేదీ అందులో ఎలా పడితే అలాగే ఉద్యోగం, అలాగే రిటైర్మెంటు. తేదీ గుర్తులేని తల్లిదండ్రులకు బడిపంతులు తోచిన తేదీ రాసిపెట్టడం వల్ల ఎంతమంది సర్వీసు పెరిగిందో, ఎంతమందికి తరిగిందో ఆ దేవుడికే ఎరుక.

ఈ పరీక్ష పుణ్యమా అని తెలుగు పీరియడు యుద్ధరంగమయింది. కొత్త పద్ధతిలో తెలుగులో వ్యాసరచన తప్పనిసరి కావడంతో, పిల్లలు వాడుకభాషలో రాయాలా, గ్రాంథికంలో రాయాలా అన్న ప్రశ్న లేచింది. వాడుకభాష పక్షాన పర్లాకిమిడి మాస్టారు గిడుగు రామమూర్తి నిలిచారు. ఎదటిపక్షానికి నాయకుడు జయంతి రామయ్య పంతులు. 1860లో పుట్టిన ఈయనది మన ముక్తేశ్వరమే. 1911లోనే ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి, ప్రభుత్వానికి అర్జీలు పంపి, బడిలో గ్రాంథికాన్ని నిలబెట్టారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పనికి పూనుకున్న ఆ మనిషి పాండిత్యానికి నమస్కరించాల్సిందే. కానీ కోనసీమ పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు తరవాత కొన్ని దశాబ్దాల పాటు పరీక్ష కాగితం మీద తప్పుగానే లెక్కకొచ్చిందంటే, అందులో ఈ కోనసీమ బిడ్డ వాటా తక్కువేం కాదు.

మాస్టార్లలోనూ అంతస్తులుండేవి. డిగ్రీ చదివి, రాజమండ్రి ట్రైనింగు కాలేజీలోనో మరోచోటో ఎల్.టి. చేసి వచ్చినవాళ్ళు అసిస్టెంట్లు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, పైఫారాలు వాళ్ళవి. బి.ఇడి. తరవాతి కాలపు మాట. సెకండరీ గ్రేడు వాళ్ళకు కిందిఫారాలు. హెడ్మాస్టరు సాధారణంగా ఇంగ్లీషు తన దగ్గరే ఉంచుకునేవారు. ఈ వరసలో తెలుగు పండితుడి స్థానం పక్కకు ఉండేది. ఆయన విద్వాన్ కావచ్చు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉభయభాషా ప్రవీణ కావచ్చు. కొవ్వూరు ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠంలో వ్యాకరణం, అలంకారశాస్త్రం క్షుణ్ణంగా చదివి రావచ్చు. జీతం మాత్రం పట్టభద్రుడైన అసిస్టెంటు జీతం కంటే తక్కువ. ఇంగ్లీషు డిగ్రీ లేకపోవడమే ఆయన లోటు. హైస్కూలు రోజుల్ని తలచుకునే పాతతరం వాళ్ళ నోట మొదట వచ్చే పేరు తరచుగా ఈ పండితుడిదే కావడం, ఆ జీతాల పట్టిక వేసినవాళ్ళకు అంతుపట్టని విషయం.

అదే రోజుల్లో అమెరికా హైస్కూలులో ఇంగ్లీషుకో విభాగం, గణితానికో విభాగం, ఒక్కోదానికి ఓ అధిపతి ఉండేవారు. చిన్న హైస్కూళ్ళలో ఇన్ని విషయాలు సరిగా చెప్పించలేరు, వాటిని కలిపేయండి అని అక్కడి విద్యావేత్త జేమ్స్ కోనంట్ 1959లో వాదించారు. మన దగ్గర విభాగమంటే మనిషే. సైన్సు మాస్టారికి బదిలీ అయితే సైన్సు కూడా ఆయన వెంటే పడవెక్కేది.

1930ల చివర రాజాజీ ప్రభుత్వ కాలంలో రెండు మార్పులు వచ్చాయి. హైస్కూలులో భాషేతర విషయాలు తెలుగులో చెప్పడం ఊపందుకుంది. తాము ఇంగ్లీషులో నేర్చుకున్న రేఖాగణితాన్నీ రసాయనాన్నీ మాస్టార్లు ఉదజని, నత్రజని అంటూ తెలుగులో చెప్పవలసి వచ్చింది. రెండోది 1938లో హిందీ తప్పనిసరి కావడం. తమిళ ప్రాంతంలో అది ఉద్యమానికి దారితీసి 1940లో ఆగింది. ఆంధ్ర జిల్లాల్లో అంత గొడవ లేదు. హిందీ ప్రచార సభ పరీక్షలు, విశారద, ప్రవీణ, ప్యాసైన వాళ్ళు తరవాతి కాలంలో హిందీ పండిట్లయి బడుల్లో కుదురుకున్నారు. ఇక డ్రిల్లు మాస్టార్ల చదువుకు అమెరికా చుట్టరికం ఉంది: మద్రాసు సైదాపేటలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను 1920లో మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్ అమెరికా దేశస్థుడు.

బడి మెట్లెక్కడమే గగనమైన పిల్లల సంగతి వేరు. మద్రాసు ప్రభుత్వ లేబరు శాఖ దళితుల పిల్లలకు విడిగా నడిపిన లేబరు స్కూళ్ళే చాలామందికి తొలి బడులు. అక్కడి నుంచి హైస్కూలు దాకా వచ్చేవాళ్ళు కొద్దిమంది. రాజోలు ప్రాంతం మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రాసిన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని ఆఫీసరవుతాడు. ఊరూరా ఆడిన ఆ నాటకం పిల్లల్ని బడికి పంపమని చెప్పడంలో ఏ ఇన్‌స్పెక్టరుకూ తీసిపోలేదని నా అభిప్రాయం.

1951లో అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కాలేజీ వచ్చాక పైచదువుకు కాకినాడ పి.ఆర్. కాలేజీకి రేవు దాటి వెళ్ళే అవసరం కొంత తగ్గింది. 1959 తరవాత బోర్డు హైస్కూళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళయ్యాయి. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ రావడంతో పదకొండేళ్ళ బడి పదేళ్ళకు కుదిరింది. ఎంసెట్ వచ్చాక ఇంగ్లీషు మాస్టారి పెద్దరికం లెక్కల మాస్టారి చేతికి పోయింది. ట్యూషన్లూ అటే నడిచాయి.

భాషా పండిట్ల పోస్టుల్ని స్కూల్ అసిస్టెంట్లుగా మార్చాలన్న కోరిక దశాబ్దాల నాటిది. అది నెరవేరడం మొదలయింది ఈ మధ్యనే. దాదాపు ఆ రోజుల్లోనే, 2019 నవంబరులో, ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియమంటూ జీవో 81 వెలువడింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది.