పాత ప్రశ్నపత్రములు - కొత్త పరీక్షలు

పాత ప్రశ్నపత్రములు కొత్త పరీక్షకు ఎంతవరకు అక్కరకు వచ్చును? ఈ ప్రశ్నకు చైనా చరిత్రలో చక్కని సమాధానము మనకు లభించుచున్నది.

ఆ దేశమున ప్రభుత్వాధికారులను శతాబ్దములపాటు పరీక్షల మూలమున ఎన్నుకొనిరి. క్రీ. శ. 806లో కవి బై జూయీ, మిత్రుడు యువాన్ జెన్‌తో కూడి, రాదగిన ప్రశ్నలను ఊహించి 75 సమాధానములను స్వయముగా వ్రాసి సాధన చేసెను. ఆ యేడే ఇరువురును కృతార్థులైరి.

మింగ్ చక్రవర్తుల కాలమున తీరు మారినది. ఎనిమిది అంగముల వ్యాసమే గెలుపునకు కొలబద్ద అయ్యెను. ఉత్తీర్ణుల వ్యాసములు అచ్చుపడి అంగళ్ళకు వచ్చెను. మూలగ్రంథములను విడిచి వానినే వల్లించువారు పెరిగిరి. 17వ శతాబ్దపు పండితుడు గూ యెన్‌వూ ఈ పద్ధతిని తీవ్రముగా నిరసించెను. 1901లో ప్రభుత్వము ఆ వ్యాసరూపమును రద్దుచేయగా, వల్లించినదంతయు చెల్లని నాణెమైనది. 1905లో ఆ పరీక్షలే రద్దయినవి.

మన సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షనుండియు 2011లో ఐచ్ఛికవిషయము తొలగినది. అంతకుముందటి ఐచ్ఛిక పత్రములు నేటి ప్రాథమిక పరీక్షకు దారి చూపలేవు. సామాన్యజ్ఞాన పత్రములు మాత్రము సాధనకు పనికివచ్చును. కావున అభ్యర్థులు ముందుగా ప్రస్తుత నియమావళిని చూచి, పిదప పాతపత్రమును నిర్ణీత కాలములో స్వయముగా వ్రాయుట మేలని మేము తలచుచున్నాము.