నాగజెముడు ఎరుపు

కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా బెళుగుప్ప వైపు చేని గట్ల మీద, బండల సందుల్లో నాగజెముడు ఇప్పటికీ కనిపిస్తుంది. పండు తింటే నోరంతా ఎర్రగా అవుతుంది. ఆ ఎర్రనోరు చూసి "అడవోళ్ళు" అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇది మన అడవి మొక్క కాదు. దీని సొంత నేల అమెరికా ఖండం. ఈ జాతి ఇక్కడికి వచ్చిన కథలో ఒక ఎర్రరంగు ఉంది.

అప్పట్లో మేలైన ఎర్రరంగు మెక్సికో నుంచి వచ్చేది. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కొచినీల్ పురుగును ఎండబెట్టి తీసేవాళ్ళు. ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. ఇంగ్లీషు సైన్యాధికారుల ఎర్రకోట్లకు ఆ రంగే కావాలి. అందుకే 1780ల చివర్లో కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ మద్రాసు సైదాపేటలో ఈ మొక్కల తోట వేయించాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగులను కలకత్తాకు తెచ్చాడు. అవి నాసిరకంవి, వ్యాపారం నిలబడలేదు. అదే కాలంలో, 1791–92లో, కారన్‌వాలిస్ సైన్యం టిప్పు మీదికి శ్రీరంగపట్నం పోతే ధాన్యం మోసింది లంబాడీల ఎద్దులే. ఎర్రకోట్లకు తిండి మోసింది మన తాతలే అన్నమాట.

తర్వాతి నూరేళ్ళలో నాగజెముడు కంచెగా పెరిగి, చేలల్లోకి పాకి, సర్కారుకు బెడదైంది. 1926లో దాన్ని చంపడానికి ఇంకో రకం కొచినీల్ పురుగునే సింహళం నుంచి తెచ్చి వదిలారు. మొదట పురుగు కోసం మొక్క, చివరికి మొక్కను చంపడానికి పురుగు!

ఈ మధ్యలోనే 1876–78 కరువు. అప్పుడు మన అనంతపురం బళ్ళారి జిల్లాలో ఉండేది, 1882లో వేరైంది. కరువు ఘోరంగా తగిలిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అలాంటి కరువుల్లో పేదోళ్ళు నూగుముళ్ళు రుద్దేసి ఈ పండు తిని ప్రాణం నిలబెట్టుకున్నారు.

పండు ఎరుపు, పురుగు ఎరుపు ఒకటి కాదు. పురుగుది కార్మినిక్ ఆమ్లం, తన ఒంట్లో తానే చేసుకుంటుంది. పండుది బీటాలెయిన్. ఎర్ర తోటకూర, బీట్‌రూట్‌లలో ఉండేదీ ఆ జాతే. నీళ్ళు లేక ఎండ ముదిరితే, మొక్క తీసుకున్న వెలుతురంతా వాడుకోలేదు. మిగిలిన శక్తి ఆక్సిజన్‌కు తగిలితే అది రెచ్చిపోయి కణాలను పాడుచేస్తుంది. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. అప్పుడు కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ రంగు పదార్థాలు అదనపు శక్తిని వేడిగా వదిలేస్తాయి. బీటాలెయిన్లు ఎలక్ట్రాన్లు ఇచ్చి, రెచ్చిన ఆక్సిజన్‌ను శాంతపరుస్తాయి.

మనుషుల్లోనూ చూశారు. ఇటలీలోని పలెర్మో విశ్వవిద్యాలయం వాళ్ళ 2004 నాటి పరిశోధనలో 18 మంది రెండు వారాలపాటు రోజుకు రెండుసార్లు 250 గ్రాముల చొప్పున ఈ జాతి పండు గుజ్జు తిన్నారు. వాళ్ళ రక్తంలో ఆక్సీకరణ నష్టం గుర్తులు తగ్గాయి. పండులో ఉన్నంత విటమిన్ సి ఒక్కటే ఇస్తే అలా తగ్గలేదు. తక్కువ మందితో చేసిన పరీక్ష కాబట్టి దీన్ని మందు అనేయకూడదు. కానీ నవ్వాల్సిన తిండి మాత్రం కాదు.

కంపెనీ చూసింది కోటుకు పట్టే ఎరుపునే. కరువులో కడుపులోకి పోయిన ఎరుపుకు ఎవరూ ధర కట్టలేదు. ఆ లెక్క మనమే రాసుకోవాలి. మీ తండాలో, గూడెంలో అవ్వాతాతలు కరువుల్లో ఏమేం తిన్నారో, ఎట్లా వండుకున్నారో అడిగి ఇక్కడ రాయండి. వాళ్ళు ఉండగానే అడగండి.